మా గోడమీది రాజులు

నేను చదివింది నాలుగో తరగతి, అదీ సగం. మిగతా సగం మా ఇంటి అరుగు మీద రాట్నం తిప్పుతూ గడిచింది. మా బాపుకు మగ్గం దగ్గర నూలు చుట్టిన కండెలు అందించే చెయ్యి కావలసి వచ్చింది. నా చెయ్యి పలకమీద ఊరికే ఉన్నట్టు కనిపించింది. మిషన్ బడి పంతులమ్మ ఒకసారి ఇంటికి వచ్చి, "పిల్లకు నోరు చురుకు, చదివిస్తే పైకొస్తది" అంది. బాపు, "గా నోరు ఇంట్ల గూడ పనికొస్తది పంతులమ్మా" అన్నాడు. ఆమె నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నా చదువు అట్లా ఒక నవ్వుతో ముగిసింది.

అట్లాంటి నేను ఒక మనిషికి భారతదేశ చరిత్ర, ప్రపంచ చరిత్ర చదివించి సర్కారు పరీక్ష గట్టెక్కించాను. నమ్మేవాళ్ళు నమ్మండి. నమ్మనివాళ్ళు మా అత్తను అడగండి. అత్త పోయి చాలాకాలమైంది కాబట్టి చివరికి నన్నే నమ్మాల్సి వస్తుంది.

ఆ మనిషి మా మరిది. మా ఆయనకు ఒక్కగానొక్క తమ్ముడు. కరీంనగర్ జిల్లాలో నేతపని వాళ్ళ ఊరు మాది. నిజాం రాజ్యం పోయిన రెండేళ్ళకు నేను ఆ ఇంటికి కాపురానికి వచ్చాను. అప్పటికి మా మరిది ఉర్దూ బడిలో మెట్రిక్ దగ్గర ఉన్నాడు. ఇంట్లో రెండు మగ్గాలు, ఇద్దరు అన్నదమ్ములు, ఒక అత్త. కొన్నేళ్ళకు ఒక మగ్గం ఆగిపోయింది. మా అత్త తమ్ముడు భీవండిలో మరమగ్గాల మేస్త్రీ. ఏటా దసరాకు ఊరికి వచ్చి, పండుగ వెళ్ళగానే పదిమందిని వెంటేసుకుని రైలెక్కేవాడు. ఒక ఏడు ఆ పదిమందిలో మా ఆయన ఉన్నాడు. అప్పటినుంచి ఆయన ఏడాదికి ఒకసారి చుట్టంలా వచ్చి, చుట్టంలా వెళ్ళేవాడు. నేను నవ్వుతూ సాగనంపేదాన్ని. నవ్వడం నాకు చేతనైన పని కదా.

మా మరిది పొద్దున మగ్గం నేసి, పగలు తాసిల్ ఆఫీసులో రోజుకూలీ మీద నకళ్ళు రాసేవాడు. సర్కారు గుమాస్తాల పరీక్ష రెండుసార్లు రాశాడు. రెండుసార్లూ చరిత్ర దగ్గరే బోర్లాపడ్డాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగేళ్ళవుతున్న ఆ వేసవిలో మూడోసారి దరఖాస్తు పెట్టాడు. అది దాటితే వయసు మీరిపోతుంది, ఇక రాయనివ్వరు. మేస్త్రీ అంతకుముందు దసరాకు వచ్చి వెళ్తూనే చెప్పిపోయాడు.

"అక్కా, గీసారి గూడ పోతే పోరన్ని నాతోని తోల్కపోత. ఆడ మగ్గాలు మనిషి కోసం చూస్తున్నయి."

"ఒగన్ని తీస్కపోయినవు తమ్మీ" అంది మా అత్త. "ఇద్దరిని కన్న. ఇద్దరిని నీకే కన్ననా?"

ఆమె అది గట్టిగా అనలేదు. పప్పు చెరుగుతూ, చేట వైపు చూస్తూ అంది. ఆ మాట అయ్యాక మేస్త్రీ కూడా కాసేపు చేటనే చూశాడు.

అదీ మా ఇంటి పరీక్ష. చరిత్ర నిలబడితే రెండో కొడుకు ఇంటిపట్టున ఉంటాడు. చరిత్ర కూలితే రెండో మగ్గం కూడా ఆగిపోయి, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం, రెండు ఖాళీ మగ్గం గుంతలు మిగులుతాం.

మా మరిది దగ్గర రెండే పుస్తకాలు ఉన్నాయి. ప్రపంచ చరిత్రకు కరీంనగర్‌లో కొన్న తెలుగు గైడు ఒకటి. భారతదేశ చరిత్రకు తన బడినాటి ఉర్దూ పుస్తకం. దాని అట్ట ఎప్పుడో పోయింది, మొదటి కాగితాలతో మా అత్త పొయ్యి రాజేసుకుంది. మగ్గం గుంతలో కూచుంటే ఎదురుగా కనిపించే సున్నపు గోడ మీద బొగ్గుతో కుడివైపు భారతదేశం, ఎడమవైపు ప్రపంచం రాశాడు. యుద్ధాలు, పట్టాభిషేకాలు, చావులు, వాటి పక్కన ఏండ్లు. చేతులు నేస్తుంటే కండ్లు చదవాలని ఆయన ఎత్తు.

మా అత్త పొద్దున్నే లేచి ఆ గోడ చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"సచ్చినోల్ల పేర్లు ఇంట్ల గోడ మీద రాస్తడా ఎవడన్న? పక్కనే దీపం గూడు ఉన్నది."

"రాజులే గదత్తా" అన్నాను నేను. "పుట్టి బుద్ధెరిగి రాజులు మనింటికి ఎన్నడొచ్చిండ్రు? వచ్చినోల్లను ఉండనియ్యి."

"వచ్చినోల్లు ఊకుంటరా? అన్నం అడుగుతరు."

"అడిగితే పంగటి బంతిల కూసోవెట్టు. మర్యాదస్తులే, సగంమంది తలకాయలు లేనోల్లు, ఎక్కువ తినరు."

మా మరిది చదువుకు నేను దిగింది అట్లాగే, వేళాకోళంతో. నాకు ఉర్దూ రాదు. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. గోడ తెలుగులో ఉంది కాబట్టి అడగడానికి నాకేం అడ్డం లేదు. ఒక్కటే చిక్కు. మా ఇంట్లో పెద్దల పేర్లు పలకకూడదు. మా మామగారి పేరే నేను ఇంతవరకూ పలకలేదు, నాకంటే నాలుగువందల ఏండ్లు పెద్దవాళ్ళ పేర్లు ఎట్లా పలుకుతాను? అందుకని ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు పెట్టుకున్నాను. మెట్లమీద జారినాయన. రాజధానిని మూట కట్టుకుని దేవగిరికి మోసినాయన. పెండ్లాం సమాధికి పాలరాయి తెచ్చినాయన. తలకాయ పోయిన ఫ్రెంచి రాజు. మంచులో ఇరుక్కున్న పొట్టి సేనాపతి.

నేను రాట్నం దగ్గర, మా మరిది మగ్గంలో. అడుగుతూ కండె చుట్టేదాన్ని.

"మెట్లమీద జారినాయన ఎప్పుడు పోయిండు?"

"పదిహేనువందల యాబై మూడు."

"ఎందుకు జారిండు?"

"గది అడుగరు వదినె."

"అడిగితే?"

"పుస్తకాలు పెట్టుకున్న మేడ దిగుతుంటే కాలు జారిందంట."

"చూసినవా! పుస్తకాలకాడికి పోతే గట్లనే అయితది. గందుకే నేను నాలుగో తరగతిల్నే దిగిన, కాళ్ళు మంచిగున్నయి."

"నువ్వు దిగలేదు వదినె, దింపిండ్రు."

"రాజులను గూడ దింపుతరు, రాసుకో."

జవాబు తప్పితే నా దగ్గర ఒక శిక్ష ఉండేది. కండె ఇచ్చేదాన్ని కాదు. అటూఇటూ పరుగెత్తే నాడెలో కండె అయిపోతే మగ్గం ఆగుతుంది. మగ్గం చప్పుడు ఆగితే వంటింట్లో మా అత్తకు తెలిసిపోతుంది. ఆమెకు రాజులు తెలియరు, ఏండ్లు తెలియవు, చప్పుడు మాత్రం తెలుసు. "ఏమాయెరా చిన్నోడా, ఎవడు సచ్చింది మర్చిపోయినవు?" అని అక్కడినుంచే కేకేసేది. వైశాఖం పోయేసరికి మా మగ్గం ఆగకుండా ఆడసాగింది. వీధిలో పోయేవాళ్ళు నిలబడి వినేవాళ్ళు. ఒక పక్క టకటకా మగ్గం, ఒక పక్క "గోల్కొండ ఎప్పుడు పడ్డది?" "పదహారువందల ఎనబై ఎనిమిది!" అన్న కేకలు. మా ఇంట్లో ఏదో కొత్తరకం భజన చేస్తున్నారని ఊళ్ళో అనుకున్నారు.

మంచులో ఇరుక్కున్న సేనాపతి దగ్గర మాత్రం నేను హాస్యమాడేదాన్ని కాదు. "పోవుడు పోయిండు గని వాపసు వచ్చుడు కష్టమైంది" అని మా మరిది చెబుతుంటే, భీవండి గుర్తొచ్చి నా రాట్నం నెమ్మదించేది. మా మరిది అది చూసి, గబుక్కున ఇంకో రాజును ముందుకు తోసేవాడు.

పరీక్షకు ఇంకా కొద్ది రోజులే ఉందనగా, తాసిల్ ఆఫీసులో పక్క బల్లమీద రాసేవాడు ఒక పాత ప్రశ్నపత్రం, జవాబులతో సహా, మా మరిదికి ఇచ్చాడు. మా మరిది దాన్ని పండుగలా పట్టుకుని ఇంటికి వచ్చాడు. గోడ ముందు నిలబడి సరిచూసుకోవడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆయన ముఖంలో పండుగ పోయింది.

"వదినె, పానిపట్టు మొదటి యుద్ధం గోడ మీద ఎంతున్నది?"

"పదిహేనువందల ఇరవై రెండు."

"గీ కాయితంల ఇరవై ఆరున్నది."

"నాలుగేండ్లు ముందే కొట్టుకున్నరా? తొందరెక్కువున్నట్టుంది."

ఆయన నవ్వలేదు. తళ్ళికోట యుద్ధం గోడ మీద పదిహేనువందల అరవై రెండు, కాగితంలో అరవై ఐదు. మెట్లమీద జారినాయన కూడా మూడేండ్లు ముందే జారిపోయాడు. పోనీ, అన్నీ ముందే అయ్యాయా అంటే అదీ కాదు. గోల్కొండ కోట మాత్రం మా గోడమీద ఒక ఏడు ఆలస్యంగా పడింది. ఎడమవైపు ప్రపంచం సరిగ్గానే ఉంది. ఫ్రెంచివాళ్ళు ఒక్క ఏడు కూడా అటూఇటూ కదలలేదు. కుడివైపు భారతదేశం మొత్తం తలో దిక్కుకు జరిగింది.

"గా కాయితమే తప్పేమో" అన్నాను.

"కాయితం అచ్చు అయ్యింది. నాది బొగ్గు."

"నీ పుస్తకం గూడ అచ్చుదే గదా?"

"గదే పరేషాన్. పుస్తకంల ఏండ్లు నిజాం కాలం లెక్కల ఉన్నయి. నేను ఇంగ్లీషు లెక్కకు మార్చిన."

"ఎట్ల మార్చినవు?"

"ఆఫీసుల మార్చినట్టే. ఐదువందల తొంబై కలిపిన."

అది నేను కూడా విన్నదే. ఆ రోజుల్లో మా దిక్కు భూమి కాగితాలన్నీ ఫస్లీ ఏండ్లలో ఉండేవి. దానికి ఐదువందల తొంబై కలిపితే ఇంగ్లీషు ఏడు వస్తుంది. మా మరిది రోజంతా ఆఫీసులో చేసే పని అదే. నిద్రలో లేపి ఏ ఫస్లీ అడిగినా కలిపి చెప్పేవాడు. అదే చేత్తో రాజులకు కూడా కలిపాడు. రైతుల కాగితాలకు సరిపోయిన లెక్క రాజులకు ఎందుకు సరిపోలేదో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ఆయన మగ్గం గుంతలోకి దిగి, కాళ్ళు ఆడించకుండా కూచున్నాడు. వంటింట్లో నుంచి మా అత్త ఎప్పటిలా కేకవేసింది. "ఏమాయెరా, ఎవడు సచ్చింది మర్చిపోయినవు?"

"అందరు తప్పుడు ఏండ్లల్ల సచ్చిండ్రు అవ్వా" అన్నాడు మా మరిది. "మామకు కబురు పంపు. నేను భీవండి పోత."

మా అత్త పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చుట్టి పెట్టిన కండెలన్నీ నేను బుట్టలో వేసి మూత పెట్టాను.

మర్నాడు పొద్దున వీధిలో డప్పు వినిపించింది. పీర్ల చావడికి సున్నం వేయడానికి పిలుపు అది. మా ఊళ్ళో పీర్ల పండుగంటే, అదే మొహర్రం, తురకలూ మేమూ అని లేదు. నిప్పుల గుండం చుట్టూ ఆడేవాళ్ళలో సగం మా వాళ్ళే. బెల్లం వేసి చేసిన మలీద కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని. ఇంట్లో దిగులు దిగులే, మలీద మలీదే. మా అత్తను పలకరిద్దామని అడిగాను.

"గిదేందత్తా, గప్పుడే పీర్లొచ్చినయా? ఇంకా వానలే సరిగ పట్టలే."

"గవి గంతే. ఏటేట ముందుకే వస్తయి" అంది అత్త. "నువ్వు కాపురానికొచ్చిన ఏడు దసరకు వచ్చినయి. జమ్మి పంచిన చేతితోనే మలీద తిన్నం. యాదికి లేదా?"

"యాదున్నది. మరి ఇప్పుడు మిరుగం కార్తె పోంగనే వచ్చినయి. పీర్లకు మన పంచాంగం పంపలేదా ఎవరు?"

"వాల్ల పంచాంగం వాల్లది. ఇట్లనే జరుక్కుంట జరుక్కుంట ఎండకాలంలకు వస్తయి, ఇంకిన్నేండ్లకు చలికాలంలకు పోతయి. నా చిన్నప్పుడు ఒకపారి మామిడికాయల దినాలల్ల వచ్చినయి."

"మంచిగున్నది" అన్నాను. "మన పండుగలు మగ్గంల కూసున్నట్టు ఒక్కకాడ కూసుంటయి. పీర్లు భీవండి పోయేటోల్ల లెక్క తిరుగుతయి."

మా మరిది నూలు తడుపుతున్నాడు. చేతిలో ఉన్న నూలు చిలప జారి నీళ్ళ గోలెంలో పడింది. తడి చేతులతోనే లేచి నిలబడ్డాడు.

"వదినె, మళ్ళ చెప్పు."

"ఏంది, మలీద సంగతా?"

"తిరుగుతయన్నవు చూడు!"

"నేనన్లే. మీ అవ్వ అన్నది. నేను నవ్విన, గంతే."

ఆయన అప్పటికే చెప్పులు కూడా లేకుండా వీధిలో పడ్డాడు. నేను ఎందుకు వెంటపడ్డానో నాకు తెలియదు, రాట్నం వదిలి ఆయన వెనకే పరుగెత్తాను. రెండు వీధుల అవతల ఆయనకు బడిలో పాఠం చెప్పిన ఉర్దూ సారు ఉండేవాడు. పెన్షన్ తీసుకుని, వాకిట్లో మంచం వేసుకుని, దారినపోయే మేకలను కూడా పేరుపెట్టి పలకరించే మనిషి. మా మరిది గోడ సంగతి, ఐదువందల తొంబై సంగతి గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. సారు వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టి, నవ్వీనవ్వీ దగ్గులో పడ్డాడు. నేను కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాను.

"అరే బేటా, రాజుల ఏండ్లకు రైతుల లెక్క కలిపినవా!" అన్నాడు. "గా పుస్తకంల ఉన్నవి హిజ్రీ ఏండ్లు. మొదటి పేజీల రాసి ఉంటదే! చూడలే?"

"మొదటి పేజీతోని మా అవ్వ అన్నం వండింది సార్."

"అన్నం మంచిగ ఉడికిందా?" అని సారు మళ్ళీ నవ్వి, తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "హిజ్రీ, ఫస్లీ ఒక్క ఇంటి అన్నదమ్ములే. ఒకప్పుడు జోడుగ నడిచినయి. ఆ మీద వేరుపడ్డయి. ఫస్లీ పొలాన్ని పట్టుకున్నది. పంట యేడాదికి ఒక్కసారే కోతకొస్తది గద, గందుకని గది యాడికీ జరుగదు. హిజ్రీ చంద్రున్ని పట్టుకున్నది. చంద్రుని ఏడు పది పదకొండు దినాలు చిన్నది. గందుకే పీర్లు తిరుగుతయి. గందుకే నీ రాజులు గూడ తిరిగిండ్రు."

"మరి ఎట్ల కలపాలె సార్?"

"ముప్పైమూడు చంద్రుని ఏండ్లంటే మన ముప్పైరెండు. ముప్పైమూడింటికి ఒకటి తీసెయ్యి. మిగిలినదానికి ఆరువందల ఇరవైరెండు కలుపు. ఒక ఏడు అటో ఇటో అయితే కాయితంతోని సరిచూసుకో, నన్ను తిట్టకు."

మా మరిది ఆ వాకిట్లోనే మట్టిమీద పుల్లతో లెక్క వేశాడు. పుస్తకంలో పానిపట్టు తొమ్మిదివందల ముప్పైరెండు. తీసేయాల్సింది తీసి, కలపాల్సింది కలిపాడు. పదిహేనువందల ఇరవై ఆరు దగ్గరకు వచ్చి ఆగింది. తళ్ళికోట వేశాడు. అరవై ఐదు దగ్గరకు వచ్చింది. గోల్కొండ వేశాడు. ఎనబై ఏడు. ఆయన పుల్ల పారేసి సారు కాళ్ళకు మొక్కాడు. సారు నావైపు చూసి, "గీ అమ్మకు గూడ మొక్కు" అన్నాడు.

"నాకెందుకు సార్? నేను మలీద గురించి అడిగిన."

"గంతకంటె మంచి ప్రశ్న ఏముంటది బేటీ" అన్నాడు ఆయన.

మేం ఇంటికి వచ్చేసరికి మా అత్త వాకిట్లో నిలబడి ఉంది. "అవ్వా, గోడ కడుగు!" అన్నాడు మా మరిది వీధిలోనుంచే. ఆమె ఇన్నాళ్ళుగా ఎదురుచూస్తున్న మాట అది. ఎందుకని కూడా అడగలేదు. తడిగుడ్డ తెచ్చి భారతదేశాన్ని ఒక్క ఊపులో తుడిచేసింది. అదే ఊపులో ఫ్రెంచి విప్లవం కూడా తుడవబోతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. "గవి సరిగ్గనే సచ్చినయి అత్తా, ఉండనియ్యి!"

మళ్ళీ బొగ్గు. మళ్ళీ రాజులు. ఈసారి మా మరిది లెక్క వేసి చెబుతుంటే నేనే రాశాను. నాలుగో తరగతి అక్షరాలు, ఒకటి లావు, ఒకటి సన్నం, తాగి నడిచినట్టు వంకరటింకర. మా అత్త వెనక నిలబడి చూసి, "గిప్పుడు జర మనుషుల లెక్క కనబడుతుండ్రు" అంది. ధర్మపురి నరసింహస్వామికి కొడుకు తలనీలాలు మొక్కుకుంది. "మొక్కేది నువ్వు గదా అవ్వా, నా తలనీలాలెందుకు?" అని కొడుకు గునిస్తే, "పరీక్ష నీది, తలకాయ గూడ నీదే" అంది.

ఆ మిగిలిన రోజుల్లో నేను కండె ఆపాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. పాత ఏండ్లు ఆయన నాలుక మీదికి వస్తాయేమోనని భయపడ్డాను. కానీ తప్పు ఎందుకు వచ్చిందో తెలిశాక మనిషి మారిపోయాడు. ముందు ఏండ్లు మోసేవాడు, ఇప్పుడు ఏండ్లను ఆడించాడు. ఎవరు ఎవరికంటే ముందు, ఎవరి కాలంలో ఎవరు, అక్కడ ఫ్రెంచివాళ్ళు కోట పగలగొడుతుంటే ఇక్కడ మన దేశంలో ఏం జరుగుతుంది, ఎటునుంచి అడిగినా చెప్పేవాడు. నా వేళాకోళానికి కూడా ఎదురు జవాబులు మొదలుపెట్టాడు. అది మాత్రం నాకు కొంచెం కష్టమైంది.

పరీక్ష కరీంనగర్‌లో. మా అత్త సద్ది కట్టి, "నువ్వు గూడ పో, వాడు మర్చిపోతే బయటనుంచి కేకెయ్యి" అని నన్ను వెంట పంపింది. కేకేయనివ్వరని చెబితే నమ్మలేదు. నేను బడి ప్రహరీ బయట, చెట్టు కింద సద్ది మూట ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. లోపల ఎంతమంది ఉన్నారో, అందరూ ఎంత చదివారో. నా జీవితంలో ఒక బడి బయట అంతసేపు కూచోవడం అదే మొదలు. పంతులమ్మ వచ్చి మా బాపును అడిగిన రోజు తర్వాత బడివైపు అంత ఆశగా చూడటం కూడా అదే మొదలు.

గంట కొట్టారు. గుంపులో మా మరిది కనిపించాడు. ముఖం వేలాడేసుకుని వస్తున్నాడు. దగ్గరికి వచ్చి నేల చూపులు చూస్తూ, "పోయింది వదినె" అన్నాడు.

నా చేతిలో మూట బరువెక్కింది. "ఏం పోయింది?"

"భీవండి బండి. మనం ఎక్కకముందే పోయింది."

ఆ మూటతోనే వీపు మీద ఒక్కటి వేశాను. నా దగ్గరే నేర్చుకుని నా మీదే ప్రయోగించాడు. అక్కడే చెట్టు కింద సద్ది తింటూ పేపరంతా చెప్పాడు. యుద్ధాలను వరుసలో పెట్టమన్నారట. ఏ రాజు కాలంలో ఐరోపాలో ఏం జరిగిందో కలపమన్నారట. "రాజధానిని మూట కట్టినాయన గూడ వచ్చిండు వదినె. నవ్వొచ్చింది. కాపలా సారు నా దిక్కు చూసిండు." తిరుగు బస్సులో ఇద్దరం ఊరు వచ్చేదాకా రాజుల గురించి తగువులాడుతూనే ఉన్నాం. ముందు సీటులో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, "ఎవరమ్మ వాల్లు, మీ పాలోల్లా?" అని అడిగాడు. "అవును తాతా, భూమి తగాదా" అన్నాను.

ఆ వారంలోనే పీర్లు లేచాయి. నిప్పుల గుండం చుట్టూ మా మరిది ఎగిరిన ఎగురుడు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. మలీద నేను రెండు ఆకుల నిండా తిన్నాను. ఉర్దూ సారు మంచం మీదనుంచి చెయ్యెత్తి ఊపాడు.

రాతపరీక్ష నెగ్గినట్టు కబురు వచ్చింది. ఆ మీద ఎదురుగా కూచోబెట్టి అడిగే పరీక్ష. దానికి నన్ను రానివ్వలేదు, నోరు ఊరుకోదని ఆయనకు భయం. వచ్చాక ఆయనే మా ఇద్దరికీ నటించి చూపించాడు. బల్ల వెనక ముగ్గురు అధికారులట. మధ్యలో ఉన్నాయన కోస్తా మనిషి.

"ఏవయ్యా, తాసిల్ ఆఫీసులో నకళ్ళు రాస్తున్నావా? అయితే ఫస్లీ తెలిసే ఉండాలి. ఫస్లీకి హిజ్రీకి ఏవిటి తేడా?"

మా మరిదికి అన్నం ముందు పెట్టి తినమన్నట్టయింది. చంద్రుడు అన్న, పొలం తమ్ముడు, వేరుపడిన ఇల్లు, అన్నీ చెప్పాడట.

"బాగానే చెప్పావు. ఇది నీకెవరు నేర్పారు?"

"మా ఉర్దూ సారు చెప్పిండు సార్. అడిగింది మా వదినె. పీర్ల పండుగ ఏటేట ముందుకు ఎందుకు జరుగుతున్నదని."

"మీ వదిన ఏం చదివింది?"

"నాలుగో తరగతి సార్. సగం."

ముగ్గురూ నవ్వారట. ఇది విని నేను, "సగం అని చెప్పాల్నా? నిండ నాలుగు అంటే నీ నోటికేం నొప్పి?" అని తగువు పెట్టుకున్నాను. కానీ లోపల నాకు కరీంనగర్ కచేరీలో కుర్చీ వేసినట్టుగానే ఉంది.

దసరాకు ముందే ఆర్డరు వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా ఖానాపూర్‌లో గుమాస్తా. పోస్టాయన చదివి చెప్పగానే మా అత్త అడిగిన మొదటి మాట, "గది బొంబాయి దిక్కా?"

"కాదవ్వా, గోదారి దాటితే వస్తది. శనివారం బయలెల్లితే ఆదివారం నీ కాడ అన్నం తింట."

"గోదారి ఒక్కటే గదా?"

"ఒక్కటే."

"అయితే పో" అంది మా అత్త, ఏదో తానే ఆర్డరు ఇచ్చినట్టు. ఆ తర్వాత లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చీర కొంగు తడిగా ఉంది, ముఖం వెలుగుతోంది.

దసరాకు మేస్త్రీ వచ్చాడు. ఈసారి తన కొడుకును కూడా వెంట తెచ్చాడు. మెట్రిక్ పాసైన పిల్లవాడు. వాణ్ణి కూడా మగ్గాల మీద పెడదామని తీసుకుపోతున్నాడు. మా మరిది ఉద్యోగం సంగతి విని, మేస్త్రీ చారు గిన్నె ఎత్తి ఖాళీ చేశాడు.

"మంచిగయింది అక్కా" అన్నాడు చివరికి. "నేను తీస్కపోవుడు తప్ప ఇంకేం తెల్వనోన్ని. గీ పోరన్ని గూడ గదే చేస్తున్న." తర్వాత నావైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వు కూసోవెట్టి చదివించినవంట గదా? గీన్ని గూడ జర చూస్తవా?"

"నాకేమొస్తది చిన్నాయినా? నాకు అడుగుడే వస్తది, చెప్పుడు రాదు."

"అడుగు. అడిగేటోల్లే లేక నేను గిట్లయిన."

మా అత్త నా జవాబు కోసం ఆగలేదు. లోపలికి వెళ్ళి పిల్లవాడికి కూడా కంచం పెట్టింది. "ఏం కూర తింటవు బిడ్డా? ఇంట్ల ఎన్నాళ్ళుంటవు?" అని ఒకేసారి అడిగింది.

పండుగ అయిపోయాక మేస్త్రీ తన గుంపుతో బస్సు దగ్గర నిలబడ్డాడు. ఆ దసరాకు సెలవు దొరకని మా ఆయనకు కట్టిన సకినాల మూట నేనే అతని చేతికి ఇచ్చాను. "ఆయనకు చెప్పు చిన్నాయినా, ఇంట్ల ఇప్పుడు జీతగాడున్నడు, తొందరగ రమ్మను" అన్నాను. నవ్వాను కూడా. ఆసారి ఆ నవ్వు కోసం కష్టపడలేదు. మా ఊరినుంచి ఒక మనిషిని ఎక్కువ తీసుకుపోదామని వచ్చిన మేస్త్రీ, ఆ ఏడు తన మనిషినే ఒకణ్ణి మా ఇంట్లో వదిలి బస్సెక్కాడు.